డిష్‌వాషర్‌కు కరెంటు ఏ లైను నుంచి ఇవ్వాలి: పాత ఫ్లాట్‌లో మా అనుభవం

డిష్‌వాషర్ కొనడానికి వెళ్తే షోరూమ్‌లో అడిగేవి రెండే ప్రశ్నలు: దగ్గర్లో కొళాయి ఉందా, పవర్ ప్లగ్ ఉందా. హైదరాబాద్‌లో పదేళ్ల కిందట కట్టిన ఫ్లాట్లలో వంటగట్టు మీద ఒకటో రెండో, వాష్ ఏరియాలో ఒకటి 16 ఆంప్స్ ప్లగ్గులు మామూలుగా ఉంటాయి. కాబట్టి ఉందనే చెప్తాం. కానీ ప్లగ్ ఉంటే సరిపోదు. దాని వెనక వైరు ఎంత మందం, డీబీలో (ఇంటికంతా కరెంటు పంచే పెట్టెలో) ఏ ఎంసీబీకి (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్‌కి) వెళ్తోంది, దారిలో ఇంకేమేం దాని మీద పడుతున్నాయి, ఎర్త్ నిజంగా పనిచేస్తోందా అన్న నాలుగు సంగతులు తేలితే తప్ప ఏ ప్లగ్ వాడొచ్చో చెప్పలేం. మెషిన్ ఇంటికి రాకముందే ఇవి తేల్చుకోవడం మంచిది. గ్రానైట్ కిందకి తోసేశాక వెనక గోడ మళ్లీ కనపడదు.

ముందు లోడు సంగతి. 12 నుంచి 14 ప్లేస్ సెట్టింగుల (అంతమంది భోజనం గిన్నెలు పట్టే) మెషిన్ల రేటింగ్ ప్లేటు మీద సాధారణంగా 1,800 నుంచి 2,400 వాట్ల మధ్య అంకె ఉంటుంది. తలుపు తెరిచి అంచు చూస్తే ఆ ప్లేటు కనిపిస్తుంది. మేం తీసుకున్నదాని మీద 2,400 వాట్లు, 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉంది. 2,400ను 230తో భాగిస్తే 10.4 ఆంపులు. ప్రోగ్రాం నడిచినంతసేపూ ఇంత లాగదు. నీళ్లు చిమ్మే పంపు మోటారు వంద వాట్ల లోపే. మిగతాదంతా హీటరే. అది మెయిన్ వాష్‌లో ఒకసారి, చివరి రిన్స్‌లో ఇంకోసారి వెలుగుతుంది. క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పెట్టి చూస్తే పంపు ఒక్కటే తిరిగేటప్పుడు అర ఆంపు కూడా ఉండదు, హీటర్ పడగానే తొమ్మిదిన్నర దాటుతుంది. అంటే వైరు, సాకెట్ ఆ పదిన్నర ఆంపుల్ని వరసగా పావుగంట, ఇరవై నిమిషాలు మోయగలగాలి. మిక్సీ రెండు నిమిషాలు తిప్పి ఆపేసినట్టు కాదిది.

ఈ ఒక్క అంకెతోనే 6 ఆంప్స్ ప్లగ్ పక్కకు పోతుంది. ఆర్వో ఫిల్టర్ కోసం సింకు కింద పెట్టించిన చిన్న ప్లగ్ చాలా ఇళ్లలో ఉంటుంది, సరిగ్గా డిష్‌వాషర్ పక్కనే ఉంటుంది. పెద్ద పిన్నుల ప్లగ్‌ని చిన్న సాకెట్‌లో పెట్టుకునే కన్వర్షన్ ప్లగ్గులు కూడా దొరుకుతాయి. దాంతో పని కానిద్దామనే ఎలక్ట్రీషియన్లూ ఉన్నారు. ఆరు ఆంపుల పిన్నుల మీదుగా పది ఆంపులు పోతే ముందు ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది, తర్వాత వాసన వస్తుంది. పైగా ఆ ప్లగ్‌కి వచ్చే వైరు ఎక్కువగా లైట్ల సర్క్యూట్‌లోది, 1 లేదా 1.5 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్లు, వైరు మందం కొలత).

ఏ ప్లగ్ ఏ ఎంసీబీ కిందిదో కనుక్కోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఒక టేబుల్ ల్యాంపు, ఒక సెల్‌ఫోన్ చార్జర్ చాలు. ప్లగ్గుల్లో పెట్టి, డీబీలో ఎంసీబీలు ఒక్కొక్కటిగా దించుతూ ఏది ఆరిందో రాసుకోవడమే. మా ఫ్లాట్‌లో తేలిందేమిటంటే, గట్టు మీది రెండు పవర్ ప్లగ్గులూ, వాష్ ఏరియాలో వాషింగ్ మెషిన్ ప్లగ్గూ మూడూ ఒకే 20 ఆంప్స్ ఎంసీబీ మీద ఉన్నాయి. పవర్ సర్క్యూట్‌కు రెండు 16 ఆంప్స్ పాయింట్లకు మించకూడదని వైరింగ్ నియమం ఉన్నా, బిల్డర్లు వైరు మిగుల్చుకోవడానికి ఇలా లూపింగ్ చేసేస్తుంటారు. మెయిన్ దించి స్విచ్ ప్లేటు విప్పి చూస్తే తెలిసిపోతుంది. స్విచ్ టెర్మినల్‌లో ఒకే ఎర్ర వైరు ఉంటే లైను అక్కడితో ఆగినట్టు. రెండు ఎర్ర వైర్లు కలిపి బిగించి ఉంటే అక్కడి నుంచి ఇంకో బోర్డుకు పోతున్నట్టు.

వాష్ ఏరియా ప్లగ్ ఎందుకు వద్దనుకున్నాం

అందరికీ మొదట తట్టేది ఇదే. నీళ్లు అక్కడే, డ్రెయిన్ అక్కడే, పెద్ద ప్లగ్ అక్కడే. ఒక మంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టి రెండు మెషిన్లూ తగిలించేస్తే గోడ పగలగొట్టే పని లేదు. ఎంసీబీ ఉంది కదా, లోడు ఎక్కువైతే అదే పడిపోతుందనే ధీమా కూడా ఉంటుంది. ఇబ్బంది అక్కడే ఉంది.

ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ హీటర్ సుమారు 2,000 వాట్లు. డిష్‌వాషర్ 2,400. రెండూ ఒకేసారి వేడి చేస్తే 4,400 వాట్లు, అంటే 19.1 ఆంపులు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టామంటే ఈ మొత్తం ఒక్క 16 ఆంప్స్ సాకెట్ పిన్నుల్లోంచి పోతుంది. 20 ఆంప్స్ ఎంసీబీకి ఇది ఓవర్‌లోడే కాదు, కాబట్టి కదలదు. సరే, దాన్ని తీసి 16 ఆంప్స్‌ది పెట్టామనుకుందాం. అదీ పడిపోతుందన్న భరోసా లేదు. ఇళ్లలో వాడే ఎంసీబీల ప్రమాణం ప్రకారం రేటింగ్‌కు 1.13 రెట్ల వరకు గంటసేపు పోయినా అది ట్రిప్ కాకూడదు. 1.45 రెట్లు దాటితే మాత్రం గంటలోపు తప్పకుండా ట్రిప్ కావాలి. 16కి ఆ అంకెలు 18.1, 23.2. మన 19.1 ఆ మధ్యలో పడింది. అది పడినా పడొచ్చు, పడకపోయినా అది పాడైనట్టు కాదు. ఎంసీబీ వైరును కాపాడటానికి ఉంది. వదులైన సాకెట్‌లో పిన్ను కాలిపోతున్న సంగతి దానికి తెలియదు.

వైరు సంగతీ చూడాలి. గోడ మీద కాండ్యూట్‌లో (వైర్ల పైపులో) రెండున్నర ఎస్‌క్యూ ఎంఎం రాగి వైరు జతకు 30 డిగ్రీల దగ్గర 24 ఆంపులు అని పట్టికల్లో ఉంటుంది. 40 డిగ్రీలకు దాన్ని 0.87తో గుణించాలి, 21 దగ్గరికి వస్తుంది. అదే పైపులో ఇంకో సర్క్యూట్ వైర్లు కూడా దూర్చి ఉంటే ఇంకా తగ్గుతుంది. మే నెలలో పడమటి గోడలో ఉన్న పైపు ఎంత వేడిగా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

అలాగని ఆ ప్లగ్ అందరికీ పనికిరాదని కాదు. వాషింగ్ మెషిన్ హీటర్ లేని టాప్ లోడ్ అయితే దానిది నాలుగైదు వందల వాట్లే. రెండూ కలిపినా 13 ఆంపుల లోపు. ఆ లైను మీద ఇంకేమీ లేకపోతే, వైరు నిజంగా రెండున్నరే అయితే, పక్కన రెండో 16 ఆంప్స్ సాకెట్ సొంత స్విచ్‌తో పెట్టించుకుని నిశ్చింతగా వాడుకోవచ్చు. ఇంకో షరతు, రెండో సాకెట్ గోడలో బిగించినదై ఉండాలి. నేల మీద పడి ఉండే ఎక్స్‌టెన్షన్ బాక్స్ వాష్ ఏరియాలో దేనికీ పెట్టకూడదు. డిష్‌వాషర్ మాన్యువల్స్ కూడా ఎక్స్‌టెన్షన్ వాడొద్దనే చెప్తాయి.

గట్టు మీది ప్లగ్ లెక్క త్వరగానే తేలిపోయింది. అక్కడ ఇండక్షన్ స్టవ్ 2,000 వాట్లు, కెటిల్ 1,500. సాయంత్రం అంట్లు మెషిన్‌లో వేసే వేళకే పాలు కాచడం, టీ పెట్టడం కూడా ఉంటుంది. పైగా గ్రానైట్‌కు రంధ్రం చేసి కార్డు (మెషిన్ కరెంటు వైరు) పైకి తీయాలి, అది ఎప్పుడూ స్టవ్ పక్కన వేలాడుతుంది.

విడిగా లైను లాగించడం

చివరకు డీబీ నుంచి డిష్‌వాషర్ ఒక్కదానికే కొత్త లైను వేయించాం. డీబీ హాల్లో తలుపు పక్కన, వంటిల్లు ఇంకో చివర. పాసేజ్ ఫాల్స్ సీలింగ్ పైనుంచి 25 ఎంఎం పీవీసీ పైపు తీసుకెళ్తే గోడకు గాడి కొట్టాల్సింది వంటింట్లో దిగే చోట మాత్రమే. దిగడాలు, ఎక్కడాలు కలిపి సుమారు 14 మీటర్లు. ఎరుపు, నలుపు, ఆకుపచ్చ, మూడూ రెండున్నర వైర్లే, ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్‌హెచ్ (త్వరగా అంటుకోని, పొగ తక్కువ వచ్చే) రకం, ఒక్కోటి 16 మీటర్లు. మిగిలిన రెండు మీటర్లు డీబీలోనూ బాక్సుల్లోనూ చుట్టుకు పోతాయి. వైరు కాయిల్ 90 మీటర్లది వస్తుంది, మీటర్ల లెక్కన కోసిచ్చే షాపులో తీసుకోవడం నయం. పాత పైపుల్లోంచే స్ప్రింగ్ వేసి లాగేస్తానని ఎలక్ట్రీషియన్ అంటే, ఆ పైపు అప్పటికే నిండి ఉందేమో చూడాలి. బలవంతంగా లాగితే పాత వైర్ల ఇన్సులేషన్ గీసుకుపోతుంది, ఆ లీకేజీ ఎప్పుడో వానాకాలంలో బయటపడుతుంది.

రెండున్నర చాలా, నాలుగు వేయాలా అనే ప్రశ్న వస్తుంది. వోల్టేజ్ డ్రాప్ లెక్క చూస్తే రెండున్నర వైరులో ఆంపుకి, మీటరుకి సుమారు 18 మిల్లీవోల్టులు పోతాయి. 14 మీటర్లు, 10.4 ఆంపులకు అది 2.6 వోల్టులు. ఒక శాతం పైచిలుకు, ఏమీ కాదు. ఒకటిన్నర వైరు అయితే నాలుగు వోల్టులు దాటుతుంది. డ్రాప్ కన్నా వేడి ముఖ్యం కాబట్టి దాన్ని తీసుకోకూడదు. డీబీ పాతిక మీటర్ల దూరంలో ఉన్న ఇండిపెండెంట్ ఇల్లయితే, లేదా పైపు వేడి గోడల్లోంచి పోతుంటే నాలుగు వేయించడంలో అర్థం ఉంది. ఫ్లాట్‌లో దండగ, పైగా మాడ్యులర్ స్విచ్ టెర్మినల్‌లో లావు వైరు సరిగ్గా కూర్చోదు.

డీబీలో 16 ఆంప్స్, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీబీఓ పెట్టించాం. ఎంసీబీ పని, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంపేది) పని రెండూ అదే చేస్తుంది, రెండు మాడ్యూళ్ల చోటు కావాలి. 20 కాకుండా 16 ఎందుకంటే చివర ఉన్న సాకెట్ 16 ఆంప్స్‌ది. లోడు పదిన్నరే కాబట్టి అనవసరంగా పడిపోయే భయమూ లేదు. టైప్ ఏ రకం అడిగి తీసుకోవాలి. ఇప్పటి మెషిన్లలో పంపు మోటారును ఎలక్ట్రానిక్ డ్రైవ్ నడుపుతుంది, లీకేజీ మామూలు ఏసీలా కాకుండా ముక్కలైన డీసీలా ఉండొచ్చు. పాత టైప్ ఏసీ పరికరం దాన్ని సరిగ్గా పట్టుకోలేదు.

ఇక్కడ రెండు తప్పులు తరచూ జరుగుతాయి. మొదటిది, ఆర్‌సీబీఓ నుంచి ఫేజ్ తీసుకుని, నలుపు వైరును మాత్రం అలవాటు కొద్దీ కామన్ న్యూట్రల్ బార్‌కి బిగించేయడం. అలా చేస్తే డిష్‌వాషర్ ఆన్ చేయగానే ఆర్‌సీబీఓ పడిపోతుంది. వెళ్లిన కరెంటు దాని గుండా తిరిగి రావడం లేదు కాబట్టి లీకేజీ అనుకుంటుంది. మెషిన్ పాడైందని సర్వీస్‌కు ఫోన్ చేసేవాళ్లలో కొందరి అసలు సమస్య ఇదే. రెండోది, ఇంటి మొత్తానికీ ముందే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ ఉంటే దాని కింద ఇంకో 30ది పెట్టడం. లీకేజీ వస్తే రెంటిలో ఏది ముందు పడుతుందో చెప్పలేం, ఇల్లంతా చీకటవుతుంది. అందుకే మెయిన్ ఐసోలేటర్ (డీబీలోని మెయిన్ స్విచ్) నుంచే, ఆర్‌సీసీబీకి ముందు నుంచి, మా ఆర్‌సీబీఓకు ఫేజ్, న్యూట్రల్ ఇప్పించాం. డీబీలోకి కరెంటు వచ్చే మొదటి స్విచ్చే ఆర్‌సీసీబీ అయి అలా వీలు కాకపోతే దాని కింద మామూలు 16 ఆంప్స్ ఎంసీబీ చాలు.

త్రీ ఫేజ్ మీటర్ ఉంటే గీజర్, ఓవెన్ ఏ ఫేజ్ మీద ఉన్నాయో చూసి, డిష్‌వాషర్‌ను ఇంకో ఫేజ్ మీద వేయించాలి. అపార్ట్‌మెంట్ జనరేటర్ బ్యాకప్ ఉన్నవాళ్లు ఇంకొక సంగతి చూడాలి. ఫ్లాట్‌కి ఐదొందలో వెయ్యో వాట్లు మాత్రమే ఇచ్చే ఏసీసీఎల్ అనే లిమిటర్ బిగించిన చోట ఈ లైను బ్యాకప్ వైపు ఉండకూడదు. కరెంటు పోయి జనరేటర్ రాగానే హీటర్ 2,000 వాట్లు అడుగుతుంది, లిమిటర్ ఆపేస్తుంది, కాసేపటికి మళ్లీ ఇస్తుంది, మళ్లీ ఆపుతుంది. ఆ ఆటలో మెషిన్ లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు పోయే ప్రమాదం ఉంది. కరెంటు వచ్చేదాకా ఆగి, ఆగిన చోటు నుంచి మొదలుపెట్టడం ఎలాగూ ఈ మెషిన్లకు తెలుసు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని న్యూట్రల్ కూడా ఈ లైనుతో ఎక్కడా కలవకూడదు.

సాకెట్ ఎక్కడ, స్విచ్ ఎక్కడ

సాకెట్‌ను మెషిన్ సరిగ్గా వెనక పెట్టించొద్దు. మెషిన్ లోతు 60 సెంటీమీటర్లు, గట్టు లోతూ దాదాపు అంతే. 16 ఆంప్స్ ప్లగ్ టాప్ గోడ నుంచి నాలుగైదు సెంటీమీటర్లు ముందుకు పొడుచుకొస్తుంది. మెషిన్ తలుపు గట్టు దాటి బయటికి నిలుస్తుంది, లేదా ప్లగ్ నలుగుతుంది. పక్క అరలో, వీలైతే సింకు కాని వైపు, నేలకు ఒకటిన్నర అడుగు ఎత్తున పెడితే మెషిన్ కదపకుండా ప్లగ్ పీకొచ్చు. కార్డు పొడవు సుమారు ఒకటిన్నర మీటరు, మహా అయితే ఒకటీ ముప్పావు. అది మెషిన్ వెనక ఏ మూల నుంచి వస్తుందో మాన్యువల్ బొమ్మలో చూసుకుని ఎటు పక్క పెట్టాలో తేల్చుకోవాలి. సింకు అర తప్ప వేరే దారి లేకపోతే సాకెట్ యాంగిల్ వాల్వ్‌కు (గోడకుండే చిన్న నీళ్ల వాల్వ్‌కు) నేరుగా కింద ఉండకూడదు. పక్కకు, పైకి ఉండాలి. కార్డు సాకెట్ కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వచ్చేలా వదిలితే, దాని వెంట కారిన నీరు కింద చుక్కగా పడిపోతుంది కానీ సాకెట్‌లోకి పోదు. ప్లైవుడ్ గోడలోంచి కార్డు తీయడానికి కార్పెంటర్ వేసే చిన్న రంధ్రంలో ఈ ప్లగ్ దూరదు. 60 ఎంఎం హోల్ సా కావాలి, అంచుకు రబ్బరు గ్రోమెట్ వేయాలి. ప్లగ్ కోసేసి దూర్చి మళ్లీ బిగిద్దామనే ఆలోచన వద్దు, వారంటీ దగ్గర మాట వస్తుంది.

స్విచ్ మాత్రం కింద ఉండకూడదు. గట్టు పైన, చెయ్యి అందే చోట ఇండికేటర్ ఉన్న 20 ఆంప్స్ డీపీ స్విచ్, దాని నుంచి కింద అరలో స్విచ్ లేని 16 ఆంప్స్ సాకెట్. డీపీ స్విచ్ ఫేజ్‌తోపాటు న్యూట్రల్‌నూ తెంపుతుంది. నీళ్లు కారుతున్నప్పుడు అరలోకి చెయ్యి పెట్టి ప్లగ్ పీకాల్సిన అవసరం రాదు. సాకెట్ కొనేటప్పుడు 6, 16 రెండు రకాల పిన్నులూ పట్టే యూనివర్సల్ రకం వద్దు, 16 మాత్రమే పట్టేది తీసుకోండి. యూనివర్సల్‌లో పిన్ను మీద పట్టు తక్కువ. కాంటాక్ట్ దగ్గర పదో వంతు ఓమ్ నిరోధం ఉన్నా చాలు, పదిన్నర ఆంపులకు అక్కడ దాదాపు 11 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్‌కి సరిపోయేంత వేడి, గాలి ఆడని అరలో.

సాకెట్ కనెక్షన్‌లో ఒక మెలిక. ఎదురుగా నిలబడి చూస్తే ఎర్త్ పైన, ఫేజ్ కుడివైపు, న్యూట్రల్ ఎడమవైపు ఉండాలి. మెషిన్ కార్డులో గోధుమరంగు ఫేజ్, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ మీద పసుపు గీత ఎర్త్. మన ఇళ్ల వైరింగ్‌లో నీలం మూడో ఫేజ్ రంగు. పాడైన ప్లగ్ టాప్ మార్చేటప్పుడు ఈ తేడా గుర్తులేక తారుమారు చేసినవి కనిపిస్తుంటాయి.

విదేశాల నుంచి తెచ్చుకునేవాళ్లు ప్లగ్ చూసి ఆగకూడదు. యూరప్ మెషిన్‌కు ఉండే గుండ్రని రెండు పిన్నుల ప్లగ్ మన సాకెట్లలో కొన్నిట్లో దూరిపోతుంది, మెషిన్ నడుస్తుంది కూడా. కానీ దాని ఎర్త్ పక్కల ఉండే క్లిప్పుల ద్వారా అందాలి, మన సాకెట్‌లో ఆ క్లిప్పులే లేవు. ఎర్త్ లేకుండా నడుస్తున్నట్టు లెక్క. దుబాయ్, కువైట్ మెషిన్లు 50 హెర్ట్జ్‌వే, ప్లగ్ మారిస్తే చాలు. సౌదీలో వోల్టేజ్ మనలాంటిదే గానీ 60 హెర్ట్జ్. అమెరికాది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్‌ను మారుస్తుంది, హెర్ట్జ్‌ను మార్చదు, కాబట్టి దాన్ని షిప్పింగ్‌లో వేయడమే దండగ. అమెరికాలో ఉంటూ ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు అక్కడి పద్ధతి వేరు. చాలా ఇళ్లలో ప్లగ్ ఉండదు, మెషిన్ ముందు అడుగున ఉండే జంక్షన్ బాక్స్‌లో వైర్లను నేరుగా కలుపుతారు. కార్డు పెట్టుకోవాలంటే సింకు అరలో సాకెట్ ఇవ్వాలి, జీఎఫ్‌సీఐ (లీకేజీకి లైను తెంపే అక్కడి పరికరం) రక్షణ ఉండాలి. ఈ జీఎఫ్‌సీఐ షరతు అక్కడి 2014 విద్యుత్ కోడ్ నుంచి వచ్చింది. ఇలా నేరుగా కలిపే పద్ధతి ఇక్కడా సాంకేతికంగా తప్పేమీ కాదు, డీపీ స్విచ్ నుంచి సరాసరి ఇవ్వొచ్చు. కానీ మన సర్వీస్ వాళ్లు ప్లగ్ పీకి మెషిన్ బయటికి లాగడానికే అలవాటు పడ్డారు. అందుకే వద్దనుకున్నాం.

ఎర్త్

అన్నిటికన్నా ఎక్కువసేపు చూడాల్సింది ఇదే. మెషిన్ లోపల కరెంటు వచ్చే చోట ఒక ఫిల్టర్ ఉంటుంది. అందులోని చిన్న కెపాసిటర్లు ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి బాడీకి కలిసి ఉంటాయి. ఎర్త్ ఉంటే వాటిలోంచి వచ్చే మిల్లీఆంపులు భూమిలోకి పోతాయి. లేకపోతే స్టీలు తలుపు దాదాపు 115 వోల్టుల దగ్గర తేలుతుంది, తడి చేత్తో ముట్టుకుంటే జివ్వుమంటుంది. కొత్త మెషిన్ షాక్ కొడుతోందన్న ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇదే, అప్పుడు తప్పు గోడలో ఉంది. ఆ జివ్వు ప్రాణం తీయదు. అయితే ఎర్త్ లేదని అది చెప్తోంది. రేపు హీటర్ నిజంగా లీకైతే ఆ కరెంటుకు దారి మన చెయ్యే.

మల్టీమీటర్‌తో ఫేజ్ న్యూట్రల్ మధ్య, ఫేజ్ ఎర్త్ మధ్య, న్యూట్రల్ ఎర్త్ మధ్య చూడాలి. మాకు 232, 231, 1.4 వచ్చాయి. ఈ అంకెలు బాగున్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. మీటరు లాగే కరెంటు అతి స్వల్పం, తుప్పు పట్టిన జాయింటు గుండా కూడా 230 చూపిస్తుంది. హోల్డర్‌లో 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కలపడమే అసలు పరీక్ష. ఇది ఎలక్ట్రీషియనే చేయాలి. ఆర్‌సీబీఓ లేని లైనులో బల్బు నిండుగా వెలగాలి. ఆర్‌సీబీఓ ఉన్న లైనులో బల్బు పెట్టీ పెట్టగానే అది పడిపోవాలి, నాలుగు వందల మిల్లీఆంపులు ఎర్త్‌లోకి పోయాయి మరి. పడకపోతే, బల్బూ వెలగకపోతే ఎర్త్ వైరు ఎక్కడో తెగి ఉంది.

ఎర్త్ దొరకని పాత ఇళ్లలో కొందరు సాకెట్ లోపలే న్యూట్రల్ నుంచి చిన్న వైరు ముక్క ఎర్త్ పిన్నుకు కలిపేస్తారు. టెస్టర్‌కి, మీటర్‌కి అంతా సరిగ్గానే కనిపిస్తుంది. ఎప్పుడైనా ఆ లైను న్యూట్రల్ ఊడితే మెషిన్ బాడీ మొత్తం 230 వోల్టులకు వస్తుంది. గుర్తుపట్టే పద్ధతి: అదే సాకెట్ మీద ఇస్త్రీ పెట్టె లాంటి లోడు వేసి న్యూట్రల్ ఎర్త్ మధ్య చూడండి. నిజమైన ఎర్త్ అయితే ఒకటో రెండో వోల్టులు పెరుగుతాయి. లోడు ఉన్నా కచ్చితంగా సున్నా చూపిస్తే ప్లేటు విప్పాల్సిందే.

నీళ్ల గొట్టం వైపు కూడా కరెంటు ఉండొచ్చని చాలామందికి తెలియదు. లీకేజీ ఆపే వాల్వ్ కొళాయి చివరే ఉండే మోడళ్లలో, ఆ ప్లాస్టిక్ పెట్టెలోకి గొట్టం వెంటే వైర్లు వస్తాయి. గొట్టం పొడవైందని కోయకూడదు, ఆ పెట్టెను నీళ్లలో ముంచి కడగకూడదు.

నడిపి చూసినప్పుడు

బిగించడానికి వచ్చే కంపెనీ మనిషి వైరింగ్ ముట్టుకోడు, ప్లగ్ పెట్టి ఒక ట్రయల్ వేసి వెళ్తాడు. ఆ ట్రయల్ చిన్న ప్రోగ్రాం అయితే హీటర్ పూర్తిగా పడకపోవచ్చు. అతను వెళ్లాక 65, 70 డిగ్రీల ఇంటెన్సివ్ ప్రోగ్రాం పెట్టాలి. హీటర్ పడి పావుగంట అయ్యాక స్విచ్ ఆపి, ప్లగ్ పీకి పిన్నులు ముట్టుకుని చూడాలి. గోరువెచ్చన మామూలే. పట్టుకోలేనంత వేడి ఉంటే సాకెట్ వదులు, లేదా వెనక స్క్రూ వదులు. హీటర్ నడుస్తున్నప్పుడు వోల్టేజ్ కూడా చూడండి. 190కి పడిపోతే హీటర్ శక్తి 68 శాతానికి వస్తుంది. శక్తి వోల్టేజ్ వర్గానికి అనులోమంగా మారుతుంది కాబట్టి. ప్రోగ్రాం ఎక్కువసేపు సాగుతుంది, కొన్ని మోడళ్లు ఎర్రర్ చూపిస్తాయి. దానికి నాలుగైదు కేవీఏ స్టెబిలైజర్ కొనేకంటే ముందు డీబీలో, మీటర్ దగ్గర వదులు జాయింట్లు చూపించడం మేలు. త్రీ ఫేజ్ ఇళ్లకు ఈదురుగాలుల్లో న్యూట్రల్ తెగి 300 వోల్టులు దాటి వచ్చే ప్రమాదం ఉంది. డీబీలో పట్టే ఓవర్, అండర్ వోల్టేజ్ కటాఫ్ పెట్టిస్తే మెషిన్ ఎలక్ట్రానిక్ బోర్డు బతుకుతుంది.

తర్వాతెప్పుడైనా ఆర్‌సీబీఓ పడిపోతుంటే, ఎప్పుడు పడుతోందో గమనిస్తే సగం రోగం తెలిసిపోతుంది. మెషిన్ ఆఫ్‌లో ఉండి ప్లగ్ పెట్టగానే పడితే కార్డు, లోపలి ఫిల్టర్ లేదా సాకెట్‌లో తేమ. స్టార్ట్ నొక్కిన కొన్ని సెకన్లకు పడితే డ్రెయిన్ పంపు, నీళ్ల వాల్వ్ చూడాలి. మొదట పనిచేసేవి అవే. నీళ్లు నిండి, చిమ్మడం మొదలై, వేడి చేసే దశలో పడితే హీటర్. నెల రోజులు ఊరెళ్లి వచ్చాక మొదటిసారి ఇలా జరిగితే హీటర్ లోపల చేరిన తేమ కావచ్చు. మల్టీమీటర్‌తో చూసి హీటర్ బాగుందని తేల్చేస్తే ఒప్పుకోవద్దు. ఆ మీటర్ లోపలి బ్యాటరీ కొద్ది వోల్టులతో పరీక్షిస్తుంది, లీకేజీ 230 దగ్గరే బయటపడుతుంది. 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) పెట్టి, హీటర్ టెర్మినల్స్‌కూ బాడీకీ మధ్య కనీసం ఒకటి రెండు మెగా ఓములు ఉన్నాయో లేదో చూడమనాలి. ఆర్‌సీబీఓలో ఒక లోటుంది: అది లీకేజీకి పడిందో, ఓవర్‌లోడుకు పడిందో చాలా మోడళ్లలో తెలియదు. విడిగా ఆర్‌సీసీబీ, ఎంసీబీ పెట్టుకుంటే ఏది పడిందో చూసి చెప్పొచ్చు. డీబీలో మూడు నాలుగు మాడ్యూళ్ల చోటు ఉన్నవాళ్లు అలా పెట్టించుకోవచ్చు. మాకు రెండే ఖాళీగా ఉన్నాయి.